ఊరందరి కాగితాలూ తూచినవాళ్ళం

పాత ఇనప సామాన్లు కొంటాం. పాత పేపర్లు, పుస్తకాలు, అట్టపెట్టెలు కొంటాం. ఇత్తడి, రాగి, సొట్టలుపడ్డ సిల్వర్ గిన్నెలు కొంటాం.

ఈ కేక మీరు వినే ఉంటారు. మధ్యాహ్నం కునుకు చెడగొట్టే కేక. వేసింది మేమే. తెనాలి వీధుల్లో, రేపల్లె రైలు లైను పొడుగునా ఉన్న ఊళ్ళలో, బాపట్లలో కాలేజీ కుర్రాళ్ళు అద్దెకుండే సందుల్లో ముప్పై నలభై ఏళ్ళుగా మా గొంతు తిరుగుతూనే ఉంది. మీ ఇంట్లో మీకు అక్కర్లేనిదేదో మాకు తెలుసు. మీ అబ్బాయి ఏ క్లాసు పుస్తకాలు రెండేళ్ళు చదివాడో తెలుసు. మీ నాన్నగారు పోయిన ఎన్నో నెలలో ఆయన పుస్తకాలు వరండాలోకి వచ్చాయో తెలుసు. మా గురించి మీకు తెలిసింది మాత్రం ఒక్కటే. తుక్కు సాయిబు.

సాయిబులమే. కాదనం. కానీ ఆ మాట కూడా మాకు పూర్తిగా దక్కలేదు. మేం నూర్‌బాషాలం, దూదేకులవాళ్ళం. సర్కారు వారి బీసీ జాబితాలో బీ గ్రూపు కింద మా నాలుగు పేర్లూ ఒకే వరసలో ఉంటాయి: దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా. బుర్రకథ నాజర్ మా వాడే. ఆయన జీవితకథ పుస్తకం పేరు ‘పింజారి’. జనం తిట్టుగా వాడే మాటని అట్ట మీద వేయించుకుని తలెత్తుకు తిరిగినవాడు ఆయన. మాకంత ధైర్యం లేదు. మా ఇంట్లో మాట తెలుగు. కల తెలుగు, ఏడుపు తెలుగు. ఉర్దూ మాట్లాడే సాయిబుల పెళ్ళికి పోతే, వీళ్ళకి జబాన్ రాదని ఒక మూల కూర్చోబెట్టేవాళ్ళు. పిల్లనిచ్చే మాట వస్తే సరేసరి. ఇవతలికొస్తే, మీరు తెలుగు భలే మాట్లాడతారే అని మెచ్చుకునేవాళ్ళు. మా అమ్మ భాష మేం మాట్లాడితే మెచ్చుకోవడం ఎందుకో మాకు అర్థమవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మా తాత రేపల్లె దగ్గర పల్లెలో దూదేకేవాడు. మనిషంత పొడుగు విల్లు, దానికి బిగించిన నరం, చేతిలో చెక్క గుండు. నరాన్ని దూదిలో ముంచి గుండుతో కొడితే అది ఝుమ్మని మోగేది. గడ్డకట్టిన దూదిలో మట్టీ గింజపెంకూ కిందికి రాలి, పీచు పీచు విడిపోయి నురగలాగా పైకి లేచేది. గుంటూరు మిల్లుల్లో పత్తిని నొక్కి నొక్కి బేళ్ళు కడతారు. మన దేశంలో పత్తి బేలు లెక్క 170 కేజీలు. మిల్లులు నొక్కినదాన్ని విప్పడం మా తాతలాంటి వాళ్ళ పని. కొత్త దూది కంటే పాత పరుపులే ఎక్కువ వచ్చేవి. ఊళ్ళోవాళ్ళు పదేళ్ళు పడుకుని అణగదొక్కిన దూదిని తీసి, దులిపి, ఏకి, మళ్ళీ పరుపు కుట్టి ఇచ్చేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే అదీ తుక్కు పనే. పాతదాన్ని పారెయ్యకుండా మళ్ళీ మనిషికి పనికొచ్చేట్టు చెయ్యడం. కాకపోతే ఆయన విప్పేవాడు, మేం నొక్కుతాం. ఒకే ఇంట్లో పని తల్లకిందులైంది.

ఎందుకైందో చెప్పాలంటే 1977 నవంబరు 19 గురించి చెప్పాలి. దివిసీమ ఉప్పెన అని లోకం పిలిచే ఆ తుపాను దివిసీమతో ఆగలేదు. రేపల్లె, బాపట్ల తాలూకాల తీరమంతా తుడిచిపెట్టింది. సర్కారు లెక్కలోనే చచ్చినవాళ్ళు పదివేలు. మా ఇంటి మట్టిగోడ ఆ రాత్రి కూలింది. విల్లు పోయింది. మనుషులు మిగిలారు. పోయిన వాటిలో ఒక రేకు పెట్టె కూడా ఉంది. అందులో ఇంటి స్థలం కాగితం, తాత కట్టిన పన్ను రసీదులు, నాన్న చదివిన నాలుగు తరగతుల కాగితం ఉండేవని నానమ్మ చెప్పేది. మనుషులు మిగిలినప్పుడు కాగితాల కోసం ఎవరేడుస్తారు? ఎవరూ ఏడవలేదు. నలభై ఏళ్ళ తర్వాత ఏడవాల్సొస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు?

నీళ్ళు తీశాక పొలాల నిండా వంకరలు తిరిగిన ఇనప రేకులు. ఇళ్ళ కప్పులవి, బడి కప్పులవి, మిల్లు షెడ్లవి. నాన్నకప్పుడు పాతికేళ్ళు లేవు. ఇల్లు మళ్ళీ కట్టుకునే వాళ్ళ దగ్గర పనికిరాని రేకు కొని, ఎడ్లబండిలో రేపల్లె తెచ్చి, తెనాలి కొట్టుకి పంపడం మొదలుపెట్టాడు. ఒక్క నియమం పెట్టుకున్నాడు. అమ్మే మనిషి ఎదురుగా ఉంటేనే కొనాలి. గట్ల మీద దిక్కులేకుండా పడి ఉన్న గిన్నెలూ బిందెలూ చాలా ఉండేవట. వాటిని ముట్టుకోలేదు. ‘ఎవరిదని అడగడానికి మనిషి లేని సామాను మనది కాదు’ అనేవాడు. ఆ మాట తర్వాత మా కొట్టుకి చట్టం అయింది. కొన్నాళ్ళకి తెనాలి చేరాం. కొట్టు పెట్టాం.

తుక్కు కొట్టు అంటే చెత్తకుప్ప అనుకుంటారు. కాదు. అది విడదీసే చోటు. ముందు ఇనుముని విడదీయాలి. గట్టి ఇనుము వేరు, రేకు వేరు, బీడు వేరు. బీడుని సుత్తితో కొడితే వంగదు, విరుగుతుంది. విరిగినచోట బూడిదరంగు గరుకు కనిపిస్తుంది. పాత హల్లర్ మిల్లులు మూతపడి కొత్తరకం మిల్లులు వచ్చిన రోజుల్లో ఈ చుట్టుపక్కల ఊళ్ళనుంచి బీడు బళ్ళకొద్దీ వచ్చింది. నిజాంపట్నం వైపునుంచి వచ్చే ఇనుము ఉప్పుగాలికి పొరలు పొరలుగా లేచిపోయి ఉంటుంది, తూకంలో తుప్పు తీసేసి లెక్క కట్టాలి. ఇత్తడిలో ఇనుము కలిపారేమో చూడ్డానికి చేతిలో అయస్కాంతం. రాగి మీద పూత ఉందేమో గీకి చూడ్డానికి ఆకురాయి. కాగితంలో తెల్లకాగితం వేరు, న్యూస్‌పేపరు వేరు, పుస్తకాలు వేరు, అట్ట వేరు. ప్రెస్సుల్లో అంచులు కోసిన ముక్కలకి అన్నిటికంటే మంచి రేటు.

విడదీశాక నొక్కాలి. ఎందుకంటే రేకు గానీ అట్ట గానీ విడిగా పోస్తే లారీ తొట్టి నిండుతుంది తప్ప బరువు రాదు. మోసేది సరుకు కాదు, గాలి. గాలికి కిరాయి ఎవడిస్తాడు? కొలిమిలోకైనా అంతే. పల్చటి రేకు విడిగా వేస్తే కరిగేలోపే కొంత కాలిపోయి చిట్టెంలో కలుస్తుంది. గట్టిగా నొక్కి దిమ్మ చేస్తే లోపలి రేకు మిగులుతుంది. మా మొదటి ప్రెస్సు చెక్క తొట్టి. అడుగున గోనెపట్టా పరిచి, కాగితం పోసి, పిల్లలం అందులో దూకి తొక్కేవాళ్ళం. అదే మా ఆట. పైనుంచి మర తిప్పితే పలక దిగేది. ఇనప తీగతో నాలుగు కట్లు వేసేవాళ్ళం. చాలా ఏళ్ళ తర్వాత అప్పు చేసి నూనెతో నడిచే ప్రెస్సు తెచ్చాం. చిన్న పిస్టన్ మీద పెట్టిన కొద్దిపాటి బలం నూనె గుండా పెద్ద పిస్టన్‌కి చేరేసరికి ఎన్నో రెట్లవుతుంది. జోసెఫ్ బ్రామా అనే ఇంగ్లీషువాడు 1795లో పేటెంటు తీసుకున్న సూత్రం. ఇప్పుడు పిల్లలు దూకక్కర్లేదు. మీట నొక్కితే చాలు.

దూకిన రోజుల్లో ఒక లాభం ఉండేది. తొక్కేముందు చదివేవాళ్ళం. మా ఇంట్లో కొన్న పుస్తకం ఒక్కటి లేదు. అయినా చందమామలు చదివాం, వారపత్రికలు చదివాం, అట్ట పోయిన చలం చదివాం. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావుని తెనాలి తుక్కులోనే చదివాం. మొదటి పేజీలు లేని కథలూ ఆఖరి పేజీలు లేని కథలూ ఎన్నో. మాకు తెలుగు రాదనేవాళ్ళకి ఏం చెప్పాలి? మీరు పారేసిన తెలుగంతా మా దగ్గరే ఉందని చెప్పాలా?

కాగితం విడదీసేచోట నాన్న ఒక చెక్కపెట్టె పెట్టాడు. తీసిపెట్టే పెట్టె అనేవాళ్ళం. అందులోకి మొదట ఖురాన్ పేజీలు, అరబ్బీ అక్షరం ఉన్న ఏ చీటీ అయినా. దాన్ని తొక్కకూడదు. నెలకోసారి మసీదు పెద్దలకి ఇస్తే ఖబరస్తాన్‌లో శుభ్రమైన చోట గొయ్యి తీసి పూడ్చేవాళ్ళు. తర్వాత అదే పెట్టెలోకి రామకోటి పుస్తకాలు కూడా చేరాయి. ఎవరో ముసలమ్మ ఏళ్ళతరబడి ఎర్రసిరాతో శ్రీరామ శ్రీరామ అని రాసుకున్న నోటుబుక్కులు ఆవిడ పోగానే మనవళ్ళు అమ్మేస్తారు. ఒకావిడ చెయ్యి వణికిన పేజీలు కూడా మాకు గుర్తే. వాటిని మా కాళ్ళకింద వేసి ఎలా తొక్కుతాం? భద్రాచలం పోయేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ చేతికిచ్చి పంపేవాడు నాన్న. బైబిలు పేజీలు వస్తే పక్కవీధి పాస్టరుగారికి. ఆ పెట్టెలోనే సర్టిఫికెట్లు, పట్టాలు, మిలిటరీ పెన్షను కాగితాలు. పొరపాటున వచ్చేవి. చిరునామా చూసి సైకిలు మీద పోయి ఇచ్చొచ్చేవాడు. ఒకసారి వేమూరు దాకా పోయాడు. మంచినీళ్ళిచ్చారట, వాకిట్లో నిలబెట్టే. అయినా మళ్ళీ పోవడం మానలేదు.

ఇక 1992 డిసెంబరు. ఆరో తారీకు అయోధ్యలో మసీదు పడగొట్టారు. ఆ వారంలో ఒక రాత్రి జీపు వచ్చి మా కొట్టు ముందు ఆగింది. ఆయుధాలున్నాయని ఎవరో చెప్పారట. ఉన్నాయి మరి. తుక్కు కొట్లో కొడవళ్ళుంటాయి, నాగటి కర్రులుంటాయి, గొడ్డలి తలలుంటాయి. రైతులు అమ్మినవి. ఒక మూల ఎనిమిది కత్తులు దొరికాయి. రేకు కత్తులు. పిడికి గాజురాళ్ళు అంటించినవి. రెండు గదలు కూడా. తెనాలి అంటే నాటకాల ఊరు కదా. పద్యనాటకాలకి డ్రస్సులూ కిరీటాలూ అద్దెకిచ్చే ఒక పెద్దాయన ముసలితనంలో సామానంతా అమ్మేశాడు.

‘ఇవి ఎవరికోసం దాచావురా?’ అని అడిగారు.

‘అర్జునుడివండీ. ఆ గదలు భీముడివి’ అన్నాడు నాన్న.

వెటకారం అనుకున్నారు. ఆయనకి వెటకారం తెలియదు. ఉన్నదే చెప్పాడు. చెంపమీద దెబ్బ పడింది. జీపెక్కించుకుపోయారు. మేం పిల్లలం, తలుపు సందులోంచి చూస్తున్నాం. ఆ రాత్రంతా అమ్మ వాకిట్లో కూర్చుంది. వీధిలో ఎవరి తలుపూ తెరుచుకోలేదు. మేం పుట్టినప్పటినుంచీ చూస్తున్న తలుపులే అవన్నీ.

తెల్లారేసరికి ఆ డ్రస్సుల పెద్దాయనకి ఎలా తెలిసిందో తెలిసింది. ఒంటిమీద చొక్కా కూడా సరిగా లేకుండా, పొడుగాటి నామంతో, కర్ర పట్టుకుని స్టేషనుకి వెళ్ళాడట. ‘ఆ కత్తులు నావి. కురుక్షేత్రం మొత్తం నేను నడిపాను వాటితో. కేసు పెడితే నామీద పెట్టండి’ అన్నాడట. అనుమానమైతే చూడండని ఒక కత్తి తీసుకుని రెండు చేతులతో వంచి చూపించాడట. నాన్నని వదిలారు. ఇద్దరూ కలిసి నడిచొచ్చారు. మా అరుగుమీద కూర్చుని ఆయన టీ తాగాడు. నాన్న బుగ్గ వాచి ఉంది. ఇద్దరూ ఏం మాట్లాడుకోలేదు. మాకు ఆ రోజు రెండు విషయాలు తెలిశాయి. మన కోసం వచ్చే మనిషి ఉంటాడు. కానీ మన మాట మనం చెప్తే చాలదు, వేరేవాళ్ళొచ్చి చెప్పాలి.

ఆ చాలకపోవడం మా వృత్తిలోనే ఉంది. తెనాలి జంక్షన్ ఊరు. చెన్నై వైపు, విజయవాడ వైపు, గుంటూరు వైపు, రేపల్లె వైపు పట్టాలు పోతాయి. అందుకే నాన్న రైలు ముక్క దేన్నీ కొనేవాడు కాదు, చిన్న బోల్టయినా సరే. రైల్వే ఆస్తి చట్టం 1966లో వచ్చింది. రైల్వే సామాను నీ దగ్గర దొరికితే, అది సక్రమంగా వచ్చిందని నువ్వే రుజువు చేసుకోవాలి. మామూలు నేరానికైతే నేరం చేశావని వాళ్ళు రుజువు చెయ్యాలి. ఇక్కడ చెయ్యలేదని మనం చెయ్యాలి. తుక్కు కొట్టువాడికి ఇది ఉగ్గుపాలతో వచ్చే చదువు. ప్రతి ఇనప ముక్కకీ ఒకటే ప్రశ్న: ఎక్కడిది?

పెద్ద పెద్ద వాళ్ళని మాత్రం ఈ ప్రశ్న ఎవరూ అడగరు. 2004లో విదేశం నుంచి ఓడల్లో వచ్చిన తుక్కులో పేలని యుద్ధసామగ్రి కలిసొచ్చి, ఢిల్లీ దగ్గర ఘజియాబాదులో కొలిమి దగ్గర పేలి కూలివాళ్ళు చచ్చిపోయారు. ఆ తర్వాత మా కొట్లనీ వెతికారు. 2010లో ఢిల్లీలో ఒక విశ్వవిద్యాలయం వాడకం మానేసిన యంత్రాన్ని వేలంలో అమ్మేసింది. అందులో కోబాల్ట్-60 ఉంది. అది మాయాపురి తుక్కు బజారుకి చేరింది. విప్పిన వాళ్ళ చేతులు కాలాయి, చర్మం నల్లబడింది, ఒకతను చచ్చిపోయాడు. అమ్మినవాళ్ళకి చదువుంది, అందులో ఏముందో తెలుసుకునే వీలుంది. విప్పినవాళ్ళకి లేదు. అది చదివినరోజు నాన్న ప్రెస్సు ఆపేసి, మూత బిగించి ఉన్న ప్రతి డబ్బానీ పక్కకి తీయించాడు. మూత ఉన్న డబ్బా కొలిమిలో బాంబే. లోపల గాలో తడో ఉంటే చాలు.

మా ఊళ్ళోనే ఇంకో వింత ఉంది. తెనాలి శిల్పులు కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర ఇనప తుక్కుతో విగ్రహాలు చేస్తారు. 2021లో వాళ్ళు చేసిన ప్రధానమంత్రి విగ్రహం 14 అడుగులు, రెండు టన్నుల తుక్కు. నట్లు, బోల్టులు, గొలుసులు, పళ్ళచక్రాలు. మేం గొప్ప పనితనం అనుకున్నాం, నిజంగానే గొప్ప పనితనం. మా కళ్ళు విగ్రహం ముఖం మీద కంటే నట్ల మీదే ఎక్కువసేపు ఉన్నాయి. ఏది మోటారు సైకిలుది, ఏది నూర్పిడి మిషనుది అని లెక్కపెట్టుకున్నాం. విగ్రహమయ్యాక ఇనుముని ఎవరూ ఎక్కడిదని అడగరు.

2017లో జీఎస్టీ వచ్చింది. తుక్కుకి బిల్లు కావాలన్నారు. మరుసటి ఏడాది లారీ కదలాలంటే ఈ-వే బిల్లు అన్నారు. నేర్చుకున్నాం. పాత బకెట్టుకీ, చిత్తుకాగితానికీ నంబరు వచ్చింది, కాగితం వచ్చింది. ఆ తర్వాత మా వంతు వచ్చింది.

2019 ఆగస్టు 31న అస్సాంలో పౌరుల జాబితా బయటపెట్టారు. 19 లక్షల మంది పేర్లు లేవు. ఆ డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. దేశమంతా జాబితా వస్తుందన్నారు. మసీదుల్లో, టీ కొట్ల దగ్గర ఒకటే మాట: కాగితాలు చూసుకోండి. విదేశీయుల చట్టంలో, 1946 నాటిదాంట్లో, తొమ్మిదో సెక్షను ఏమంటుందో ఒక లాయరుగారు మాకు చదివి చెప్పారు. నువ్వు పరాయివాడివి కాదని నువ్వే రుజువు చేసుకోవాలి. విని నాన్న నవ్వాడు. ‘ఇది రైలు బోల్టు సెక్షనే కదా’ అన్నాడు. 2025లో పాత చట్టం పోయి కొత్తది వచ్చింది. రుజువు బరువు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ చలికాలమంతా ఇల్లు వెతికాం. దొరికినవి ఇవీ. తాత పేరు మూడుచోట్ల మూడు రకాలు. ఒకచోట చివర సాయిబు, ఒకచోట అయ్య, ఒకచోట ఉత్త పేరు. నాన్న పుట్టినరోజు జూలై ఒకటి. అమ్మదీ జూలై ఒకటి. మా పెద్దన్నదీ జూలై ఒకటే. బళ్ళో పంతులుగారు రాసింది. ఇంటిపేరు ఒకదాంట్లో షేక్, ఒకదాంట్లో నూర్‌బాషా. 1977కి వెనక ఒక్క చీటీ లేదు. ఎన్నివేల టన్నుల కాగితం తూచి ఉంటాం? ఊళ్ళోవాళ్ళ దస్తావేజులు, జాతకాలు, శుభలేఖలు, మార్కుల జాబితాలు, కోర్టు కాగితాలు. మా చేతుల మీదుగా పోని కాగితం లేదు. మా కాగితమే లేదు. ఎవరి పెట్టెలోనూ మా చీటీని తీసిపెట్టినవాడు లేడు. ఊరందరి కాగితాలూ తూచినవాళ్ళం చేతులు ఊపుకుంటూ నిలబడ్డాం.

ఆఖరికి కొట్టు ఖాతా పుస్తకాలు దించాం. అటకమీద ముప్పై ఏళ్ళ పుస్తకాలున్నాయి. ఇవైనా రుజువే కదా, ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నామని. ఒక్కొక్కటీ తిప్పుతుంటే మాకు చెమట పట్టింది. మిల్లువాళ్ళ పేర్లున్నాయి. లారీ నంబర్లున్నాయి. ప్రెస్సుల పేర్లు, షావుకార్ల పేర్లు చక్కగా ఉన్నాయి. తెల్లారుజామున సంచీ భుజాన వేసుకుని వీధులు ఏరి తెచ్చిన వాళ్ళ పేర్లు లేవు. ఒక్కటి కూడా. ‘సంచీ, 6 కేజీలు.’ ‘సంచీ, 4 కేజీలు, తడి.’ ‘ముసల్ది, అట్ట, 9.’ ‘యానాది పిల్లోడు, రేకు, 3.’ ముప్పై ఏళ్ళు. రోజుకి పదిహేనిరవై మంది. వాళ్ళ తరుగు మేం తీశాం. తడి ఉందని అరకేజీ కొట్టేశాం. మిల్లు మా దగ్గర కోసిన తేమని మేం వాళ్ళ దగ్గర ముందే కోశాం. పేరు మాత్రం అడగలేదు.

మమ్మల్ని అందరూ కలిపి ఒకే బేలు చేసి, ముస్లిములు అని చీటీ అంటించి తీగ బిగిస్తారని మేం ఏళ్ళతరబడి మాట్లాడాం. లోపల షేకులున్నారు, సయ్యదులున్నారు, పఠానులున్నారు, దూదేకులవాళ్ళున్నారు, మెహతర్లున్నారు, ఒకరిల్లు ఒకరు తొక్కని వాళ్ళున్నారు, విప్పి చూడండని సభల్లో చెప్పాం. పైతరగతి సాయిబులు మమ్మల్ని కలుపుకోరని గోల పెట్టాం. అన్నీ నిజాలే. మరి మా ఖాతాలో మేం కట్టిన బేలు సంగతేమిటి? దానికి మేం అంటించిన చీటీ ‘సంచీ’.

2020 జనవరిలో కొత్త పుస్తకం తెరిచాం. గీతలు కొట్టి మొదటి గడి పేరు అని రాశాం. మొదటిరోజు తెల్లారి ఎప్పుడూ వచ్చే యానాదామె వచ్చింది. ఇరవై ఏళ్ళనుంచీ వస్తోంది. కాటా మీద సంచీ పెట్టింది. ఏడు కేజీల వంద గ్రాములు.

‘పేరేంటమ్మా?’ అన్నాం.

సంచీ మీద చెయ్యి పడింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

‘పేరెందుకు సాయిబూ? పోలీసోళ్ళకి ఇయ్యటానికా?’

మాకు నోట మాట రాలేదు. పేరడిగితే భయపడే మనుషులం మేమే అనుకుంటున్నాం ఇన్నాళ్ళూ. ఆమె కళ్ళల్లో మేం జీపులో వచ్చినవాళ్ళలాగా కనిపించాం. ఎందుకు అడిగామో చెప్పడానికి ప్రయత్నించాం. పుస్తకం చూపించాం. ఆమెకి చదువు రాదు. విన్నది. కాసేపు నిలబడి, సంచీ మళ్ళీ కాటా మీద పెట్టింది.

‘పేరు తర్వాత చెప్తాలే. ముందు కాటా సరిగ్గా పట్టు. ఆ వంద గ్రాములు కూడా కట్టు’ అంది.

కట్టాం. పేరు గడి ఖాళీగా వదిలాం. సంచీ అని మాత్రం రాయలేదు.

లాక్‌డౌన్ తీసి కొట్టు మళ్ళీ తెరిచిన రోజు, అడక్కుండానే చెప్పింది. రాసుకున్నాం. ఆ పేరు ఇక్కడ రాయం. అది ఆమె మాకిచ్చింది, మీకు కాదు.